తెడ్డు పాతిన రాత్రి

మా ఇంట్లో ఆడవాళ్లు పడవ ఎక్కేవాళ్లు గానీ తెడ్డు ముట్టేవాళ్లు కాదు. బూర్గంపాడు దగ్గర మా ఊరికి ఎదురుగా, గోదావరి మధ్యలో ఒక లంక ఉంది. ఎండాకాలం అక్కడ మా నాయన పుచ్చతోట వేసేవాడు. కలుపుకూ కోతకూ అమ్మనూ నన్నూ తన చిన్న నాటు పడవలో తీసుకెళ్లేవాడు. పడవ మధ్యలో, కాయల బుట్టల పక్కన మేం కూడా రెండు బుట్టల్లా కదలకుండా కూర్చోవాలి. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలి. ఆడవాళ్లు లంకలో రాత్రి ఉండకూడదు. ఎందుకని అడిగితే, ఉండకూడదు అంతే అనేవాడు. ఆ 'అంతే' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, లంక అవతల గుట్ట వెనకున్న గూడెం బడికి నన్ను విద్యా వాలంటీరుగా తీసుకున్నారు. సోమవారం పదింటికల్లా బడిలో సంతకం పెట్టకపోతే ఆ పని ఇంకొకరికి పోతుందని ఆఫీసులో గట్టిగా చెప్పారు. బస్సేమో భద్రాచలం వంతెన మీదుగా చుట్టూ తిరిగి మధ్యాహ్నానికి గానీ చేర్చదు. దగ్గర దారి మా లంకే. అయితే గుట్ట దాటడానికే నాలుగు గంటలు పడుతుంది. అందుకని ముందురోజు సాయంత్రమే లంకకు పోయి, తోట కాపలా గుడిసెలో పడుకుని, తెల్లారగానే అవతలి పాయ దాటి నడక మొదలుపెట్టాలి. నాయన తీసుకుపోనన్నాడు. ఆడపిల్లకు అడవిలో నౌకరీ ఏందన్నాడు. ఆదివారం పొద్దున్నే దమ్మపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లిపోయాడు. దాంతో మాట తెగిపోయిందనుకున్నాడు.

అమ్మ సద్ది మూట కట్టి నా చేతికిచ్చింది. నేను పడవ విప్పాను.

చూసి నేర్చుకున్న తెడ్డు అది. మొదట్లో పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. సగం దూరం పోయేసరికి చేతులు బొబ్బలెక్కాయి, పడవ మాత్రం నా మాట వినడం మొదలుపెట్టింది. లంక చేరాక, మా దగ్గర అందరూ చేసినట్టే తెడ్డును ఇసుకలో లోతుగా పాతి దానికి తాడు కట్టాను. చెట్టూ రాయీ లేని చోట తెడ్డే గుంజ. గుడిసె ముందు కూర్చుని సద్ది తిన్నాను. రెండు ఒడ్లూ నాకు దూరంగా ఉన్నాయి. భయం వేసింది. దానికంటే ఎక్కువ సంతోషం వేసింది.

తెల్లారి లేచి చూస్తే పడవ లేదు. ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది, నీళ్లు గుడిసె దగ్గరిదాకా వచ్చాయి. ఇసుక వదులై తెడ్డు లేచిపోయింది. మోకాలి లోతు ఉండే అవతలి పాయ ఎర్రగా నిండి పారుతోంది.

ఏడ్చాను. దాచుకోవడానికేముంది. ఇంటికి వెళ్లే దారి లేదు, నది వెడల్పంతా ఈదలేను. ముందున్నది ఆ పాయ ఒక్కటే. సర్టిఫికెట్ల ప్లాస్టిక్ కవరును చున్నీతో తలమీద కట్టుకుని దిగాను. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. నాలుగడుగులు కాళ్లకు నేల అందలేదు కూడా. అవతల వెదురు మొదలు పట్టుకుని పైకి పాకి, అట్లాగే గుట్టెక్కాను.

బడి సారు నా బురద బట్టలు చూశాడు, గోడ గడియారం చూశాడు. ఇంకా పది కాలేదు. రిజిస్టరు నా ముందుకు జరిపాడు. సంతకం వంకరగా వచ్చింది, బొబ్బలవల్ల.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుండగా నాయన గుమ్మంలోకి వచ్చాడు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉంది, చేతిలో తెడ్డు ఉంది. దిగువన వంపు దగ్గర చేపలు పట్టేవాళ్లకు తాడుకు తెడ్డు ఈడ్చుకుంటూ ఖాళీ పడవ దొరికిందట. రాత్రే పెళ్లి నుంచి తిరిగొచ్చిన నాయన ఆ కబురు విని, నా కోసం పొద్దెక్కేదాకా నీళ్లలో మునిగి వెతికాడట. చివరికి లంకలో, పాయ వైపు వెళ్లిన నా అడుగులు చూసి పడవ ఇటు తెచ్చి, గుట్టెక్కి వచ్చాడు. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"రాత్రి రెండుసార్లు లేవాలె. తెడ్డు పీకి, మళ్ల పైన పాతాలె. గది కూడ తెల్వదా నీకు," అన్నాడు.

"ఎట్ల తెలుస్తది నాయనా. ఒక్క రాత్రన్న ఉండనిచ్చినవా."

తెడ్డు పట్టుకునే బయటికి పోయాడు. బడి విడిచేదాకా అరుగు మీద కూర్చున్నాడు. సామాను తెచ్చుకొమ్మని సారు నాకు ఒక రోజు సెలవిచ్చాడు. సాయంత్రం బయల్దేరి, వెన్నెల్లో ఇద్దరం గుట్ట దిగాం. పాయ ఒడ్డున చెట్టుకు కట్టిన పడవ దగ్గర నేను చెయ్యి చాపాను. ఇస్తాడో లేదో తెలియదు. ఇవ్వకపోతే లాక్కుందామనే ఉన్నాను.

తెడ్డు ఇచ్చాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, మధ్యలో, మేం కూర్చునే చోట కూర్చున్నాడు. దారంతా నేను తప్పు వేస్తున్నానని సణుగుతూనే ఉన్నాడు. నేను అట్లాగే తప్పుగా వేసుకుంటూ ఆయన్ను ఇల్లు చేర్చాను.