ఎడమ వైపు బ్రేకు

ఆ రోజుల్లో కారుకు మెరుగులు దిద్దడమంటే ఏదో ఒకటి కొని తగిలించడం కాదు, ఉన్నదాంట్లోంచి ఏదో ఒకటి పీకేయడం. ఇప్పుడు మా నేరేడ్‌మెట్ సందులో కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి, రోజూ ఆఫీసుకు తిరిగే బండికే వెడల్పు చక్రాలూ, వెనక రెక్కా, చెవులు చిల్లులుపడే సైలెన్సరూ తెప్పించుకుంటారు. ఎప్పుడో ఓ ఆదివారం ఊరవతల ట్రాకు మీద పరుగెత్తించి, సోమవారం మళ్ళీ అదే బండిలో టిఫిన్ డబ్బాతో ఆఫీసుకు పోతారు. వాళ్ళు కనబడ్డప్పుడల్లా ఆపి, ఈ ఊళ్ళో ఈ విద్యకు ఆద్యుణ్ణి నేనేనని చెబుతుంటాను. (ఆద్యుణ్ణి కాను. నాకంటే ముందే కంటోన్మెంటులో చాలామంది చేసేవారు. కానీ నన్ను కాదనడానికి వాళ్ళలో ఇప్పుడు మిగిలినవాళ్ళు తక్కువ.)

అప్పటికి నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సికింద్రాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఉండటం నేరేడ్‌మెట్‌లో మా అక్కాబావల ఇంట్లో. బావది డ్రైవింగు స్కూలు. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కారు, దాని నెత్తిన ఒక బోర్డు, ఎడమ సీట్లో మా బావ, అంతే. నేర్చుకునేవాళ్ళు కుడివైపు కూర్చుంటే, ఎడమవైపు బావ కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చీ, ఒక బ్రేకూ ఉండేవి. అవి ఇనుప కడ్డీతో అసలు పెడళ్ళకు కలిపి ఉండేవి కాబట్టి ఈయన ఇక్కడ తొక్కితే అక్కడ తొక్కినట్టే. సందులోంచి బర్రె తల పూర్తిగా బయటికి రాకముందే, సైకిలువాడు అడ్డంగా తిరుగుదామని అనుకోకముందే, బావ కాలు బండిని ఆపేసేది. పైన నోరు మాత్రం పక్కింటివాళ్ళ గోడ గురించి మాట్లాడుతూనే ఉండేది. నా జీవితంలో గొప్ప గొప్పవాళ్ళను చూశాను గానీ, ఆ కాలును చూసినప్పుడు కలిగినంత భక్తి ఇంకెవరిని చూసినా కలగలేదు. ఒకసారి ఆయన నిద్రలో కూడా బండి ఆపాడు. (నిద్ర కాదు, కంట్లో నలక పడి కళ్ళు మూసుకున్నాడు. అయినా తక్కువ సంగతా?) నేనూ ఆ కారులోనే నేర్చుకున్నాను. నా పరీక్ష రోజు వాన దంచుతుంటే పరీక్షాధికారి వరండాలోనే నిలబడి చూశాడు, బావ నా పక్కనే కూర్చున్నాడు, లైసెన్సు వచ్చేసింది. ఆ తర్వాత కూడా నేను బండి బయటికి తీస్తే బావ పక్కన ఉండాల్సిందే. అది ఇంటికి అన్నం పెట్టే బండి. ఒంటరిగా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

బొల్లారం దాటాక, విమానాలు దిగడం ఎప్పుడో మానేసిన ఒక సిమెంటు పట్టీ ఉండేది. రిటైరైన ఒక మేజరుగారూ, ఆయన స్నేహితులూ ఎప్పుడైనా ఓ ఆదివారం దాని మీద తారు డ్రమ్ములు మలుపులుగా పేర్చి కార్లు పరుగెత్తించేవారు. మొదటిసారి నేను ఊరికే చూడటానికి వెళ్ళాను. ఎదురుగా అంత పొడవున నేల, దాని చివర ఏమీ లేదు, ఆకాశమే. ఆ ఆకాశంలోంచి ఒక చుక్క పుట్టి, చుక్క చీమై, చీమ కారై, నా ఛాతీలో ఏదో కదిలించి దాటిపోయాక గానీ దాని చప్పుడు చెవికి అందలేదు. (కారు చప్పుడుకంటే వేగంగా పోయిందని నేను చాలా పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను. గాలి అటువైపు వీస్తోంది, అంతే.) నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. నోట్లో దుమ్ము పడిందని ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగితే గానీ తెలియలేదు. రోజువారీ బళ్ళకు కూడా అక్కడ విడిగా ఒక పరుగు పెడతారని తెలిశాక ఇక నా కాలు నిలవలేదు. బావ వెంట పడి, అక్కతో చెప్పించి, చివరికి ఒప్పించాను.

జీతం చిన్నది కాబట్టి నా మెరుగులన్నీ ఖర్చులేని రకం. ఇంజను ధారాళంగా ఊపిరి పీలుస్తుందని గాలి వడపోసే డబ్బా తీసేశాను. సైలెన్సరు లోపలి జాలీ ఊడబీకాను. వేగం పెరిగిందో లేదో గానీ, బావ ఇంటికి వస్తున్న సంగతి సఫిల్‌గూడ దగ్గర ఉండగానే అక్కకు తెలిసిపోయేది, అన్నం వడ్డించడం షురూ చేసేది. మిలిటరీ వేలంలో దొరికిన సగం అరిగిన టైర్లు వేయించాను. కొత్తగా వచ్చింది ఒక్కటే, అదీ బావ పట్టుబట్టి తెచ్చింది: బ్రేకులకు లైనింగు. "ఉరికించుడు ఎవనికైనా వస్తది బామ్మర్దీ, ఆపుడే విద్య," అన్నాడు. నేను తల ఊపాను గానీ చెవికెక్కించుకోలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మేము పరుగుకు వెళ్ళే ఆదివారం మర్నాడే, బావ దగ్గర నేర్చుకుంటున్న టీచరమ్మకు తిరుమలగిరిలో డ్రైవింగు పరీక్ష. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి బొల్లారంలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. భర్త పోయాక ఆయన కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుని చర్చికి వెళ్ళిన కారు. నడిపేవాళ్ళు లేని బండి ఎందుకు వదినా, నేను తోలుకుపోతానని మరిది ఎప్పటినుంచో కబురు పెడుతున్నాడు. ఈసారి బుధవారం వచ్చేస్తున్నానన్నాడు. లైసెన్సు వస్తే కారు ఉంటుంది, రాకపోతే పోతుంది, అదీ ఆమె సంగతి. అప్పటికే చాలాసార్లు తప్పింది. బావ పక్కన ఉంటే చక్కగా నడిపే మనిషి, పరీక్షాధికారి పక్కన కూర్చున్నాడంటే చాలు, తిన్నగా వెళ్ళి పరీక్షకు పెట్టిన డ్రమ్ముకు కొట్టేది. మా స్కూల్లో మొదటిసారికే పాసైనవాళ్ళు అసలే అరుదు. పరీక్ష అంటే భయం, అంతేనని బావ తేల్చేవాడు. నాకు మాత్రం గట్టిగా చెప్పాడు. "నేను పక్కన కూసుంట. సోమారం పొద్దుగాల బండి సక్కగ నా చేతిల ఉండాలె. ఆమె కారు పోయిందనుకో, నీకు ఈ ఇంట్ల అన్నం పుట్టదు."

ఆదివారం మేజరుగారు మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, దీని ఇంజను ఎలాగూ ఇంతే కాబట్టి బరువు తగ్గించుకోమని, అక్కరలేనిదంతా దింపేయమని సలహా చెప్పి, బావను చాయ్‌కి తీసుకుపోయారు. నేను పనిలో పడ్డాను. నెత్తిన ఉన్న బోర్డు దింపాను. స్టెప్నీ, జాకీ దింపాను. వెనక సీటు ఊడదీశాను. ఇంకేముందా అని చూస్తుంటే ఎడమవైపు పెడళ్ళు కనబడ్డాయి. కడ్డీతో కలిపి మంచి బరువే. నడిపేది నేను, బావ ఊరికే కూర్చునే మనిషి, ఆయనకు బ్రేకెందుకు అనిపించింది. బోల్టులు విప్పి అవీ తీసేశాను. అన్నిటినీ ఒక గోనెపట్టా మీద వేసి, ఎవరికీ అడ్డం రాకుండా, మొదటి మలుపు అవతల గడ్డిలో భద్రంగా పెట్టి వచ్చాను. అక్కడికి ఏ కారూ రాదని నాకు గట్టి నమ్మకం.

జెండా ఊపబోతుండగా బావ పరుగున వచ్చి కూర్చున్నాడు. పెడళ్ళ కోసం ఆయన ఏనాడూ కిందికి చూసేవాడు కాదు, ఆ సంగతి కాలు చూసుకునేది. జెండా పడింది. ఏం చెప్పను? రోజూ కూరగాయల బజారుకూ, రైలు స్టేషనుకూ తిరిగే ఆ ముసలి బండి ఒక్కసారిగా గొంతెత్తింది. కిటికీలు గలగలలాడాయి. కింద సిమెంటు తెల్లటి నీళ్ళలా వెనక్కి పారుతోంది, ముందు ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. మనిషి అన్నవాడికి ఇంత వేగం ఇవ్వొచ్చా అనిపించి ఒళ్ళు జలదరించింది. ముల్లు నూరు దాటింది. (ముల్లు అరవై దగ్గర వణకడం మొదలుపెట్టేది. వణుకులో ఏ అంకె కావాలంటే ఆ అంకె చదువుకోవచ్చు.)

మొదటి మలుపు వచ్చింది. ఆ కారులో మలుపు దగ్గరికి రాగానే నేనెప్పుడూ యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, బ్రేకు మీద అలా ఆనించేవాణ్ణి, బండి వెన్నలా నెమ్మదించేది. అది నా కాలి మహిమేనని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ రోజూ అలాగే ఆనించి, బండి నెమ్మదిస్తుందని ఎదురుచూశాను. నెమ్మదించలేదు. ఏమైందా అని పక్కకు చూశాను. బావ రెండు కాళ్ళతో ఉత్త నేలను తొక్కుతున్నాడు. ముఖంలో భయం లేదు. ఇంకో మెట్టు ఉందనుకుని కాలేసినవాడి ముఖంలా ఉంది.

"ఏదిరా?" అన్నాడు.

"గడ్డిల ఉన్నది బావా," అన్నాను.

నిజానికి మేము దాని దగ్గరికే పోతున్నాం. డ్రమ్ముల మధ్యనుంచి తిన్నగా దూసుకుపోయి, గడ్డిలో దిగి, గోనెపట్టా మీదుగా వెళ్ళి, మా కారు తన వెనక సీటు మీద తానే ఎక్కి ఆగింది. ఆ మెత్తటి సీటే లేకపోతే ముందు భాగం ఏమయ్యేదో. మనుషులకు దెబ్బ తగల్లేదు, బండికీ గీతలు తప్ప ఏమీ కాలేదు. చక్రం కింద మాత్రం బావ పెడళ్ళ కడ్డీ జిలేబీ చుట్టలా పడి ఉంది. మేజరుగారు వచ్చి చూసి, చాలా ఏళ్ళుగా ఇక్కడ పందేలు చూస్తున్నాను గానీ సొంత సామాను మీదికే గురిచూసి వచ్చినవాణ్ణి చూడలేదని ఉర్దూలో మెచ్చుకున్నారు.

సాయంత్రానికి సీటూ బోర్డూ మళ్ళీ బిగించాం. వెల్డింగు దుకాణాలు ఆదివారం మూసి ఉన్నాయి, కడ్డీ బాగుచేసే దారి లేదు.  అన్నాల దగ్గర అక్క ఏం జరిగిందని అడిగితే, గాలినీ వేగాన్నీ కలిపి కథంతా చెప్పాను. అక్క అదంతా పక్కనపెట్టి, బండి ఆగకపోతే నువ్వేం చేసినవని అడిగింది. చూసిన, అన్నాను. ఏం చూసినవంది. బావ తొక్కుతడని చూసిన, అన్నాను. అక్క గరిటె కింద పెట్టి బావ వైపు తిరిగింది.

"టీచరమ్మ సుత గదే చూస్తుండొచ్చు. ఆమె ఫెయిలయ్యేది ఆమె కాలుతోని కాదు, నీ కాలుతోని."

బావ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. మెల్లగా వంగి, పీట పక్కన మడిచి ఉన్న తన కాలును తొలిసారి చూసినట్టు చూసుకున్నాడు. (ఆ సంగతి కనిపెట్టింది నేనేనని చాలాకాలం చెప్పుకున్నాను. అక్క ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం చెప్పేవాణ్ణి కాదు.)

పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. బావ ఉన్నదున్నట్టు చెప్పి, తన వైపు బ్రేకు లేకుండా నిన్నటిదాకా ఏ బండిలోనూ కూర్చోలేదని, భయమైతే పరీక్ష ఇంకో రోజుకు పెట్టిద్దామని అన్నాడు. ఆమె కారు చుట్టూ ఒకసారి చూసింది.

"అంటే, ఇవాళ నేను తొక్కితేనే ఆగుతుందా మాస్టారూ?"

"అంతేనమ్మా."

"ఇన్నాళ్ళూ ఆగింది నా వల్లో, మీ వల్లో నాకు తెలిసేది కాదండి. అడిగితే బాగుండదని ఊరుకున్నాను," అంది. బుధవారం మరిది వస్తాడు, ఇవాళే వెళదామని చెప్పి, కుడివైపు కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, తాళం తిప్పింది.

నేను వెనక కూర్చున్నాను. కాళ్ళు కింద పెడితే అవి ఊరుకోవని బావ సీటు మీదే బాసింపట్టు వేసుకుని, పూజలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. సందు చివర ఆమె బ్రేకు ఎంత గట్టిగా తొక్కిందంటే నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. రెండోసారి అంత లేదు. ఆ తర్వాత ఒక మేకల మంద అడ్డమొస్తే జానెడు దూరంలో తొణక్కుండా ఆపింది. అలా ఆపిన ప్రతిసారీ తొడ కింద బావ కాలివేళ్ళు కదిలేవి, కాలు మాత్రం కిందికి దిగలేదు. నాకు గౌరవం అప్పటిదాకా ఆ కాలు చేసిన పనుల మీదే. అది ఏమీ చేయకుండా ఉండటానికి ఎంత బలం కావాలో ఆ రోజు చూశాను.

తిరుమలగిరిలో మేమిద్దరం ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాం. కారు డ్రమ్ము వైపు తిన్నగా వెళ్ళింది. బావ కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు కాబట్టి ముందు నేనే చూశాను. బండి డ్రమ్ము ముందు ఆగింది. తర్వాత వెనక్కి వచ్చింది, మలుపు తిరిగింది, మళ్ళీ ఆగింది. అధికారి దిగి తల ఊపి కాగితం మీద సంతకం పెట్టాడు. (బుధవారం ఆ మరిది రానే వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆయన్ను స్టేషనులో దింపింది టీచరమ్మే, ఆ కారులోనే.)

ఆమె బండిని మా దగ్గరికి తెచ్చి ఆపాక బావ తలుపు తీసి ఎక్కబోయాడు. "మాస్టారూ," అంది మెల్లగా, "ఒక్కసారి నేను ఒక్కదాన్నే వెళ్ళొస్తానండి." బావ చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. కాసేపటికి తలుపు మూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. కారు కదిలింది. రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లున్న ఆ కంటోన్మెంటు రోడ్డు మీద, నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి, చిన్నదవుతూ పోయింది. ఇంకొకరు నడుపుతూ ఎడమ సీటు ఖాళీగా ఉండగా ఆ బండి పోవడం మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. బావ చెప్పులు వదిలేసి, చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఏ గుడిలోనూ ఆయన అలా నిలబడగా నేను చూడలేదు.

నేను మాత్రం ఆ వయసుకు తగ్గట్టే, ఇద్దరం చూస్తున్నది నేను చేసిన మెరుగుల్నేననుకుని, "బండి మస్తు పోతున్నది కదా బావా," అన్నాను. ఆయన నా వైపు తిరగనైనా తిరగలేదు. "జెర ఊకోరా," అన్నాడు.

ఆ రోజు నేనైన ఆ కుర్రాడి పక్కన ఇప్పుడు నిలబడే వీలుంటే నేనూ వాడితో అదే మాట అని, భుజం మీద చెయ్యి వేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఇది మాత్రం కోత కాదు. బండి నిజంగానే మస్తు పోయింది.