తొమ్మిదో నంబరు సణుగుడు

ఎల్డన్ క్రూగర్ సణగకుండా ఉన్న క్షణం నేను చూడలేదు. ఎండ కాస్తే ఎండ మీద, వాన పడితే వాన మీద, రెండూ లేకపోతే వాతావరణానికి నిలకడ లేదని సణిగేవాడు. పన్ను పీకుతున్నప్పుడు నోరు తెరిచి ఉంచాల్సి వస్తే ముక్కుతో సణిగాడని మా ఊరి పళ్ల డాక్టరు ఇప్పటికీ చెబుతాడు.

ఒహాయోలో మాది చిన్న ఊరు. గడ్డి కోసే యంత్రాలు బాగుచేసేవాడు ఎల్డన్ ఒక్కడే. నేను కోర్టు బంట్రోతుని. జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పడానికి, తప్పనిసరిగా రమ్మని పిలిచిన ఊరివాళ్లను కూర్చోబెట్టి కాఫీలిచ్చే పని నాది కాబట్టి ఆయన సణుగుడులో నా చెవుల వాటా ఎక్కువ. ఆయనకు పిలుపు ఎప్పుడొచ్చినా మే నెలలోనే. ఆ నెలలో మా దగ్గర పొద్దున గడ్డిలో పడ్డ బంతి సాయంత్రానికి దొరకదు.

"ఫ్యాక్టరీవాడు ఇక్కడ కూర్చున్నా వాడి జీతం వాడికొస్తుంది," అన్నాడు ఆ రోజు. "నాకెవడిస్తాడు? నా షెడ్డుకి యజమానిని నేనే, కూలీని నేనే. నేనిక్కడుంటే ఇద్దరమూ పస్తే."

"కాఫీ ఎలా ఉంది?" అన్నాను మాట మారుద్దామని.

"చల్లారిపోయింది. వేడిగా ఉన్నప్పుడు నోరు కాలింది."

ఆయన వెనక కూర్చున్న లొరెట్టా హేన్స్ కళ్లు తుడుచుకుంటోంది. ఇంట్లోనే బట్టలు కుట్టి బతికే మనిషి. శనివారం హైస్కూలు పిల్లల డాన్సు పార్టీ. పదకొండు మంది ఆడపిల్లల గౌన్లు ఆవిడ ఇంట్లో సగం కుట్టి గుండుసూదులతో వేలాడుతున్నాయి. కేసేమో రెండు వారాలు.

"పదకొండు గౌన్లు. ఈ వారం మాట తప్పితే ఇక నా గడప ఎవరూ తొక్కరు," అంది నాతో.

ఎల్డన్ వెనక్కి తిరిగాడు. "ఏడవడానికి నా చెవి పక్కనే దొరికిందామ్మా నీకు చోటు?" అని సణిగి, "పదకొండా?" అన్నాడు.

"పదకొండు," అందావిడ.

జడ్జి విట్కోమ్‌గారు వచ్చారు. జ్వరాల వల్ల సగం మంది రానేలేదు.

"మీరున్నది పదిహేను మంది. కేసుకు పద్నాలుగు మంది కావాలి. ఒక్కరినే వదలగలను. నంబర్ల వరసన అడుగుతాను, తగిన కారణం ముందు ఎవరు చెబితే వాళ్లనే," అన్నారు.

ఎల్డన్‌ది తొమ్మిదో నంబరు, లొరెట్టాది పదమూడు. ఆవిడ ముఖం పాలిపోయింది. మొదటి ఎనిమిది మందికీ చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ లేకపోయింది.

ఎల్డన్ లేచాడు. రాసి తెచ్చుకున్న నాలుగు పేజీల విన్నపం చొక్కా జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. కుర్చీ గట్టిగా ఉందన్నాడు. బండి పెట్టుకోవడానికి చోటు లేదన్నాడు. షెడ్డులో నలభై ఆరు యంత్రాలున్నాయనీ, అందులో జడ్జిగారిదీ ఒకటనీ, దాన్ని వాడిన తీరు చూస్తే అసలు కేసు ఎవరి మీద పెట్టాలో తెలుస్తుందనీ అన్నాడు. పావుగంట గడిచింది.

"అంటే నిన్ను వదిలెయ్యమంటావు, అంతేనా క్రూగర్?"

"అని నేనెక్కడన్నాను?"

"మరి ఇంతసేపూ ఏం చేశావయ్యా?"

"సణిగాను. దానికీ మీ అనుమతి కావాలా?" అని కూర్చున్నాడు.

తర్వాతి ముగ్గురూ ఫ్యాక్టరీవాళ్లు. జీతం ఎలాగూ వస్తుంది కనక నోరెత్తలేదు. లొరెట్టా రెండు ముక్కలు చెప్పగానే జడ్జిగారు వదిలేశారు. ఆవిడ దాదాపు పరిగెత్తింది.

మధ్యాహ్నం అడిగాను. "జేబులో కాగితం ఎందుకివ్వలేదు?"

"చదవడానికి కళ్లజోడు తేలేదు."

కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది. చెబితే దానిమీదా సణుగుతాడని చెప్పలేదు.

వారం తిరగకముందే ఊరంతా మోకాలెత్తు గడ్డి. జడ్జిగారు ఎక్కడినుంచో రెండు మేకల్ని తెచ్చుకున్నారు. కోర్టుకు సెలవని శనివారం పొద్దుటినుంచీ వంచిన నడుం ఎత్తకుండా పనిచేసినా ఎల్డన్ చేతిలో తెమిలినవి నాలుగే.

ఆ సాయంత్రం ఆయన షెడ్డు ఎదురింటి ముందు ఆడపిల్లలందరూ ఫొటోలకు నిలబడ్డారు. లెక్కపెట్టాను, పదకొండు గౌన్లు. పిల్లలు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గడ్డిలో అడుగులేస్తున్నారు. ఎల్డన్ చేతులు తుడుచుకుంటూ చాలాసేపు చూశాడు.

"బంగారంలాంటి గౌన్లకు గడ్డి అంటుకుంటోంది," అని సణిగాడు నాతో. "ఈ ఊళ్లో పట్టించుకునేవాడే లేడు."