ఎల్ల అవతలి కొండగోగులు

అరకులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరి చివర, కాఫీ తోట పనికెళ్లే ఒక ముసలామె ఇంటి వెనక గదిలో అద్దెకున్నాను. గది ఆమెది, కుక్కా ఆమెదే. సెలవొస్తే కొండెక్కే పిచ్చి మాత్రం నాది. కుక్క నా వెంటే తిరిగేది.

మాఘం దాటాక ఆ కొండలు బోడిగా ఎండిపోతాయి. ఒక్క ఆకూ లేని కొండగోగు చెట్లు మాత్రం రాళ్ల సందుల్లో పసుపుపచ్చ పూలు పూస్తాయి. మా వైపు ఒక్క చెట్టూ లేదు, అన్నీ గట్టు అవతలే. ఆ గట్టే ఊరి పొలిమేర. అక్కడివాళ్లు ఎల్ల అంటారు. రోగాలు లోపలికి రాకుండా ఏటా ఊరి పూజారి పూజ చేసి ఎల్ల కడతాడు. కుక్కకి ఈ సంగతి ఎవరు చెప్పారో గాని, ఎల్ల రాయి దగ్గర చతికిలబడిపోయేది. బిస్కెట్ చూపించినా మొహం తిప్పుకునేది. అవతలి ఊరి కుక్కలంటే భయమని నా అనుమానం.

ఈలోగా విశాఖకి బదిలీ అయింది. కుక్కని నాకిమ్మని అడిగాను. సిగ్గేసింది గాని, అది లేకుండా వెళ్లడం నావల్ల కాదనిపించింది.

"ఎల్ల దాటి నీతో వస్తే అట్టుకెల్లిపో బాబూ," అంది ముసలామె. "రాకపోతే ఇక్కడే ఒగ్గీ."

రాదని ఆమె ధీమా. నా బెంగా అదే.

మర్నాడు రాయి దాటి, ఈసారి పిలవకుండా నడిచాను. వెనక ఎండుటాకుల చప్పుడు. కుక్క వచ్చేసింది. రాలిన కొండగోగు పూలలో పడి దొర్లింది. పట్టరాని సంతోషం నాకు. అంతలో అవతలి ఊరి కుక్కలు మొరుగుతూ మీదికొచ్చాయి. ఇది పారిపోలేదు. తోక ముడిచి, నా కాళ్లకి ఆనుకుని నిలబడింది. రాళ్లు విసిరి వాటిని తరిమాను గాని, దీని వణుకు ఆగలేదు. విశాఖలో నేనుండబోయేది మూడో అంతస్తు. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రాక. కిందకి దిగితే ప్రతి వీధీ ఒక ఎల్ల, ప్రతి ఎల్లకీ కుక్కలు.

తిరిగొచ్చేసరికి ముసలామె గుమ్మంలోనే ఉంది.

"వచ్చిందేటి బాబూ?"

"రాలేదు," అన్నాను.

ఆమె గిన్నెలో అంబలి పోసింది. తాగుతున్న కుక్క వీపు నిమురుతూ, బొచ్చులో ఇరుక్కున్న పసుపు రేకు ఒకటి పైకి తీసింది. కాసేపు దాన్ని చూసింది, తర్వాత నన్ను. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వెల్లే రోజు దీన్ని కట్టేత్తాను బాబూ," అంది. "నేకపోతే బస్సెనకాల వచ్చేత్తాది."