శుక్రమూఢంలో వచ్చిన గిటారు

మూఢం రోజుల్లో మీరు కొత్త వస్తువు ఇంటికి తెస్తారా? తేని పక్షంలో, ఎందుకు తేవడం లేదో ఎన్నడైనా మిమ్మల్ని మీరు నిలదీసుకున్నారా? జవాబుకు తొందర లేదు. ముందు ఈ సంగతి వినండి.

1992 ఏప్రిల్‌లో రాయపూర్‌లోని ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో నన్ను హెడ్ మిస్త్రీని చేశారు. అంతకు ముందు పద్నాలుగేళ్ళు అక్కడే హార్మోనియం రీడ్లు సరిచేస్తూ, గిటార్లకు తీగలు కడుతూ గడిపాను. మా దుకాణంలో పైన యజమాని, ఆయన కింద కౌంటర్ మేనేజరు, ఆ కింద మిస్త్రీలు. కొనేవారికి ఇచ్చే ముందు ప్రతి వాయిద్యాన్నీ పరీక్షించి, ‘సరిగా ఉంది’ అనే కార్డు మీద సంతకం పెట్టడం హెడ్ మిస్త్రీ పని. ఆ సంతకం లేనిదే సరుకు గడప దాటకూడదు. గోడౌను తాళంచెవి కూడా నా దగ్గరే ఉండేది.

ఇంకొక సంగతీ చెప్పాలి. ఆదివారాలు రైల్వే కాలనీలో జరిగే చర్చల్లో జాతకాలకూ వాస్తుకూ వ్యతిరేకంగా గంటల తరబడి వాదించేవాణ్ణి. నాతో వాదానికి దిగి ఓ పురోహితుడు మధ్యలోనే లేచిపోయాడని కాలనీలో చెప్పుకునేవారు. ఆ కీర్తి నాకు బాగానే రుచించింది.

ఏప్రిల్ చివర్లో కరుణమ్మ గారు దుకాణానికి వచ్చారు. కాకినాడ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త సామ్యూలు గారు గూడ్సు బండ్ల గార్డు. ఆయన యాభయ్యో పుట్టినరోజుకు ఎలక్ట్రిక్ గిటారు ఇవ్వాలని ఆమె కోరిక. మేనేజరు హిందీలో, ‘పురానా చాహియే కి నయా, బెహన్‌జీ?’ అని అడిగాడు.

“పాతదేనండి. కానీ కొత్తది కావాలి,” అన్నారామె.

మేనేజరు నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. అరవైల నాటి మోడల్‌ను అవే కొలతలతో, అదే రంగుతో, అవే మరలతో కంపెనీ కొత్తగా తయారుచేసి అమ్ముతుంది. వ్యాపారంలో దాన్ని రీఇష్యూ అంటారు. సామ్యూలు గారు కుర్రతనంలో రైల్వే కాలనీ హాల్లో వాయించింది ఆ పాత మోడల్‌నే. అది ఒక ఇంజను డ్రైవరుది. ఆయన బదిలీ మీద వెళ్తూ పట్టుకుపోయాడు. సొంత గిటారు అనేది సామ్యూలు గారికి ఎన్నడూ లేదు.

ఆమె గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు. వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుపోయి ఆయన ఎడమ చేతి వేళ్ళలో బలం తగ్గిపోతోంది. జూన్ ఏడున ఆపరేషన్ కోసం దక్షిణాదికి బయల్దేరుతున్నారు. తర్వాత ఆ చెయ్యి పనిచేస్తుందని డాక్టర్లు హామీ ఇవ్వలేదు. పుట్టినరోజు ఆరో తారీఖు.

“ఆ ఒక్క సాయంత్రం వాయించుకుంటే చాలండి మాస్టారూ. నేను నర్సునండి, నాకు తెలుసు,” అన్నారు.

కలకత్తా డీలరు ద్వారా పెట్టె మే మూడో వారంలో వచ్చింది. గిటారు వచ్చిన రోజే పెట్టె విప్పాలి, తీగల బిగువు వదలాలి, చల్లని గదిలో రెండు రోజులు ఉంచాలి, ఆ తర్వాతే మెడ నిటారుగా ఉందో లేదో చూడాలి. నేను స్క్రూడ్రైవరు తీశాను. యజమాని అప్పలనాయుడు గారు ఎదురొచ్చారు. విజయనగరం నుంచి వచ్చిన మనిషి, మాట కరుకు, నిష్ఠ ఎక్కువ.

“ఏటయ్యా అది? శుక్రమూఢంలో కొత్త సామాను ఇప్పుతావేటి? మతుండే సేస్తన్నావా?”

ఎండకు చెక్క వంగుతుందన్నాను.

“కంపినీవోడు నీకన్నా తెలివితక్కువోడేటి, ఎండకి వొంగిపోయే సెక్కతో సెయ్యడానికి? గోడౌన్లో ఎట్టు!”

పెట్టాను. హోదా వచ్చి ఆరు వారాలైనా కాలేదు. ఆదివారం నాటి నాలుక సోమవారం నాటికి మొద్దుబారిపోయింది.

మా గోడౌనుది రేకుల కప్పు. కొద్ది రోజుల్లోనే నౌతపా మొదలైంది. మే చివర్లో ఇక్కడ నిప్పులు చెరిగే తొమ్మిది రోజులకు అదీ పేరు. మధ్యాహ్నం పూట ఆ పెట్టె మీద చెయ్యి వేస్తే కాలేది. లోపల బిగువుగా ఉన్న ఆరు తీగలు వేడెక్కిన చెక్కను లాగుతున్నాయని తెలిసిన మనిషి ఆ దుకాణంలో నేనొక్కడినే.

నౌతపా అయిదో రోజున కరుణమ్మ గారు వచ్చి పెట్టెను బయటినుంచే చూసుకున్నారు.

“ఇంత వేడిలో పరవాలేదాండీ? మా వార్డులో మందులిలా పెడితే సిస్టర్ ఇన్‌చార్జి మా తోలు వలిచేస్తుంది,” అని నవ్వారు.

నేనూ నవ్వాను. “పెద్దాయన ఇష్టం అమ్మా,” అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన నేరం అంతా ఆ మూడు మాటల్లో ఉంది. ఆమె అడిగింది శుక్రుడి గురించి కాదు, చెక్క గురించి. చెక్క సంగతి చెప్పినందుకే నాకు జీతం ఇచ్చేవారు. ‘పాడవుతుందమ్మా, ఇప్పుడే తీసుకెళ్ళిపోండి’ అని ఉంటే ఆవిడ ఆ పెట్టెను రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయేది. మూఢంతో ఆవిడకు పని లేదు.

జూన్ ఆరు ఉదయం పెట్టె విప్పడానికి అనుమతి దొరికింది. జన్మదినం నాడు దోషం లేదని యజమానికి ఆయన పంతులు చెప్పాడట. చర్చికి వెళ్ళే మనిషి పుట్టినరోజుకు శుక్రుడి మినహాయింపు! టెంకాయ కొట్టారు. నేను మూత ఎత్తాను.

గిటారు అందంగా ఉంది. మెడ మాత్రం విల్లులా ముందుకు వంగింది. తీగలు మెడ మీది లోహపు మెట్లకు ఎంత ఎత్తున లేచాయంటే మధ్యలో నా చిటికెన వేలు దూరింది. ఆ ఎత్తున తీగ నొక్కాలంటే ఆరోగ్యంగా ఉన్న చేతికే కష్టం.

గిటారు మెడలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని మర బిగిస్తే వంపు తగ్గుతుంది. కొత్త మోడళ్ళలో ఆ మర పై కొసన ఉంటుంది, తిప్పడం రెండు నిమిషాల పని. పాత మోడల్‌లో అది మెడ అడుగున, గిటారు ఒంట్లో దాగి ఉండేది. అది పాత మోడల్‌లోని లోపమని అందరికీ తెలుసు. అయినా రీఇష్యూ కనుక ఆ లోపాన్నీ భక్తిగా అలాగే ఉంచారు. కాబట్టి ప్రతిసారీ తీగలు వదిలి, నాలుగు స్క్రూలు తీసి, మెడను ఊడదీసి, మర పావు చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి, శ్రుతి చేసి చూడాలి. ఆపైన చెక్క సర్దుకోవడానికి ఒక రోజు ఆగాలి. తొందరపడితే మర చెడిపోతుంది. పాతదాన్ని తిరిగి నిలబెట్టేవాళ్ళు దాని గుడ్డితనాన్ని కూడా నిలబెడతారు. ఈ మాట గిటార్ల గురించి మాత్రమే అనడం లేదు.

ఆగే వ్యవధి లేక ఆ ఒక్కరోజే నాలుగుసార్లు మెడ ఊడదీశాను. సాయంత్రానికి వంపు సగం కూడా తగ్గలేదు. మేనేజరు కార్డు ముందు పెట్టాడు. ‘సరిగా ఉంది’ కింద సంతకం చేశాను.

కాలనీ హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మా యజమానినీ నన్నూ కూడా పిలిచారు. సామ్యూలు గారు పెట్టె తెరిచి గిటారును ఒళ్ళోకి తీసుకున్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, “పిచ్చిదానా, ఇది ఎక్కడ పట్టేవే?” అన్నారు. ఎవరో, “గార్డు సాబ్, పచ్చజెండా ఊపండి, బండి కదలాలి!” అని కేక వేశారు. అందరూ నవ్వారు.

ఆయన ఎడమ చెయ్యి మెడ మీద పెట్టి నొక్కారు. తీగ పలకలేదు. గరగరమంది. మళ్ళీ నొక్కారు. నుదుట చెమట పట్టింది. మూడోసారి వేళ్ళు జారిపోయాయి.

“నా వేళ్ళు అప్పుడే పోయాయే, కరుణా. ఆపరేషను దాకా కూడా ఆగలేదు,” అన్నారాయన.

తప్పు తన వేళ్ళదే అనుకున్నారాయన. తప్పు గిటారుదని చెప్పడానికి నేను లేచాను. లేచి, అప్పలనాయుడు గారి ముఖం చూసి, మళ్ళీ కూర్చున్నాను.

మర్నాడు వాళ్ళు రైలెక్కారు. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గింది, చేతి బలం మాత్రం తిరిగి రాలేదు. శ్రుతి చేసి ఇస్తానని గిటారును నా దగ్గర ఉంచుకుని, పదకొండు రోజుల్లో నేను ఆ మెడను గీత గీసినట్టు నిటారుగా చేశాను. ఆ ఇంట్లో దాన్ని వాయించే చెయ్యి లేదు. కరుణమ్మ గారికి నిజం చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆమె విని, “ఆ రోజే చెప్పి ఉంటే ఆయన తన చేతిని తిట్టుకోకుండా వెళ్ళేవారండి,” అన్నారు.

ఇంతకన్నా చేదు సంగతి దుకాణంలో జరిగింది. అప్పలనాయుడు గారు ఈ ఉదంతం నుంచి ఒక పాఠం నేర్చుకున్నారు. “సూసేరా, మూఢంలో ఇప్పేం, సెడిపోయింది. పుట్టినరోజైనా ఇప్పకూడదు!” అనేవారు. అప్పటినుంచి మినహాయింపులు కూడా రద్దయ్యాయి. మేనేజరు వచ్చినవారందరికీ ఈ కథ రుజువుగా చెప్పేవాడు. చెక్కను వంచింది మూసి ఉంచిన పెట్టె. నింద పడింది తెరవడం మీద. నేను మాట్లాడని కారణంగా మూఢానికి ఒక సాక్ష్యం దొరికింది. నేను ఉద్యోగం విడిచేనాటికి కూడా ఆ నియమం అలాగే ఉంది. ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఈ వృత్తి నాకు నేర్పింది ఇంతే. మూఢనమ్మకం బతికేది నమ్మేవాళ్ళ బలంతో కాదు, నిజం తెలిసినవాళ్ళ మర్యాదతో. వేదిక మీద గెలిచిన వాదం ఒక్క చెక్కనూ కాపాడదు.

మీరు మిస్త్రీ కావచ్చు, నర్సు కావచ్చు, ఇంజినీరు కావచ్చు. మీ పనిచోట ఈపాటికి ఎవరో మంచిరోజు కోసం ఏదో ఒకటి ఆపి ఉంచే ఉంటారు. ఆపినవాడితో వాదం తర్వాత పెట్టుకోండి. దానివల్ల నష్టపోయే మనిషి దగ్గరకు రేపు పొద్దున్నే వెళ్ళి, ఏం పాడవుతోందో, ఎప్పటిలోగా పాడవుతుందో చెప్పండి. మీ ఉద్యోగం పోతుందనిపించినా చెప్పండి.