రూమియా అత్త ఇంటి ఆమెన్

"రేపెప్పుడో నేనొక గుమ్మంలో, రూమియా అత్త ఒక గుమ్మంలో నిలబడి చేతులు చాపితే పిల్ల ఆవిడ దగ్గరికే పరిగెడుతుంది. నాకు భయంగా ఉంది హగిత్."

ఉతికిన బట్టలు మడతపెడుతున్న నా భార్య తల కూడా ఎత్తలేదు. "పరిగెట్టాలంటే ముందు అది నడవాలిగా ఏలాద్. నువ్వు అప్పుడే పందెం పెట్టేశావు."

మా అలూమాకు అప్పటికి పద్నాలుగు నెలలు. దాని మొదటి మాట కోసం నేను కాచుకుని ఉన్నాను. ఏ నెలలో పిల్లలు ఎలాంటి శబ్దాలు చేయాలో పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆ మొదటి మాట "నాన్న" అవుతుందని లోలోపల ఖాయం చేసుకున్నాను. ఆ మంగళవారం మధ్యాహ్నం అది మాట పలికింది, రూమియా అత్త ఇంట్లో. ఆ మాట "ఆమెన్".

రెహోవోత్‌లో నేను పనిచేసే మొక్కల ప్రయోగశాలకు పది నిమిషాల నడకలో, యెమెన్ నుంచి వచ్చిన యూదుల పేటలో రూమియా అత్త ఇల్లు. మాకు చుట్టం కాదు, పేటంతా అత్త అని పిలిచే అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పదహారో ఏట నారింజపళ్ళ కొట్టంలో చేరి ముప్పై ఏళ్ళు పళ్ళకు కాగితం చుట్టింది. ఇప్పటికీ పిల్లకు బట్ట చుట్టడంలో ఆ చేతివాటం కనిపిస్తుంది. రెండు మడతలు, ఒక మెలిక, అంతే. మా అలూమా నా చేతుల్లో చేపలా జారిపోతుంది. ఆవిడ చేతుల్లో నారింజపండులా కుదురుగా కూర్చుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో మండేది.

భర్త ఇహ్యా పోయాక ఆవిడ పసిపిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. నలుగురికి మించి తీసుకోదు. ఆవిడ నీళ్ళు తాగినా, రొట్టె తుంచినా, వాకిట్లో తులసి లాంటి ఆకు తుంపి వాసన చూసినా, ముందు పైకి వినబడేలా దేవుడికి స్తుతి చెబుతుంది. రోజుకి వంద చెప్పాలని వాళ్ళ నాన్న నేర్పాడట. విన్నవాళ్ళు ఆమెన్ అనాలి. మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించడమే ఎక్కువ.

ఆ మంగళవారం సాయంత్రం నేను ప్రయోగానికి దిగాను. అలూమాను ఎత్తుకుర్చీలో కూర్చోబెట్టి, అరటిపండు వలిచి, ఫోనులో చూస్తూ స్తుతి చదివాను. పిల్ల పండు వంక చూసింది. మళ్ళీ చదివాను. చెయ్యి చాపింది. పండు వెనక్కి లాగి మూడోసారి చదివాను. నీళ్ళతో ఒకసారి, రొట్టెతో ఒకసారి. ఐదు ప్రయత్నాలు, ఫలితం సున్నా. ఆరోసారికి వంటగదిలోంచి హగిత్ కేకేసింది. "ఆమెన్! ఇక పెట్టవయ్యా, ఏడుస్తోంది."

అప్పుడే తీర్మానించుకున్నాను. వచ్చే నెల నుంచి పిల్లను ఇంకో చోట చేర్చాలి. హగిత్‌తో కూడా చెప్పకుండా గురువారం మధ్యాహ్నం బయల్దేరాను.

తలుపు తీసే ఉంది. పొట్టి బల్ల చుట్టూ నలుగురు పిల్లలు. రూమియా అత్త చేతిలో అరటిపండు. ఒకడు చెంచాతో బల్ల బాదుతున్నాడు. ఆవిడ ఊరుకోమనలేదు, పండు ఇవ్వలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. నేను అలవాటు కొద్దీ మనసులో సెకన్లు లెక్కపెట్టాను. పదకొండో సెకనుకు వాడు చెంచా ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. మిగతా ముగ్గురూ అప్పటికే చూస్తున్నారు. "ప్రభూ, లోకాలకు రాజా, నేల ఇచ్చే ఫలాన్ని సృష్టించే నీకు స్తుతి," అని ఆవిడ పండు కొరికింది. నలుగురిలో మా పిల్ల గొంతే పెద్దది. "ఆమేయ్!"

ఆ మొహంలో వెలుగు నేనెన్నడూ పుట్టించలేదు.

"ఏం నాయనా, ఇంత పెందరాళే వచ్చావు? పరిశోధన అయిపోయిందా, మొక్కలు నిన్ను తరిమేశాయా?"

"వచ్చే నెల నుంచి అలూమాను పంపం, అత్తా."

ఆవిడ పండు ముక్కలు పంచడం ఆపలేదు. పంచుతూనే అంది, "పంపకపోతే మానె. ఒంటికేమన్నా అయిందా?"

"లేదు."

"నా వంట పడలేదా?"

"అది కాదు." నా నోటికి అడ్డం లేకుండా పోయింది. "మీ దగ్గర ఆమెన్ అంటుంది. నా దగ్గర అనదు. ఆరుసార్లు చెప్పాను."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి తలగుడ్డ కొసతో మూతి తుడుచుకుంది. "ఏమని చెప్పావేంటి?"

"చెట్టు ఇచ్చే ఫలాన్ని..."

"అయ్యో నాయనా! మొక్కల డాక్టరువి. అరటి చెట్టెలా అవుతుంది? గెల వేశాక బోదె చచ్చిపోదూ? అది నేల ఫలం."

నాకు సిగ్గూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది. "అదన్నమాట! మాటలు తేడాగా ఉన్నాయి కాబట్టి గుర్తుపట్టలేదు!"

"నీ మొహం. రొట్టెకీ నీళ్ళకీ సరిగానే చెప్పావా లేదా?"

"ఫోనులో ఉన్నట్టే చెప్పాను."

"మరి తిన్నావా?"

"నేనా? లేదు. పిల్ల కోసం..."

"స్తుతి చెప్పి తినకపోతే దేవుడి పేరు వృథాగా పలికినట్టు. పిల్లలకు నేర్పడానికైతే పర్వాలేదు. నువ్వు నేర్పావా? పరీక్ష పెట్టావు. నీకు కావలసింది పండు కాదు, ఆమెన్. పిల్ల అది పసిగట్టింది." కొంచెం ఆగి గొంతు తగ్గించింది. "ఇహ్యా పోయాక ఈ ఇంట్లో నా స్తుతికి బదులు పలికే నోరు లేదు. ఈ పిల్లలు వచ్చేదాకా రెండేళ్ళు గోడలకు చెప్పుకున్నాను. బదులు కోసం చెవులు రిక్కించిన రోజున రొట్టె రుచి తెలిసేది కాదు. నీ బాధ నాకు తెలీదనుకోకు."

నేను అలూమాను ఎత్తుకున్నాను. అది రూమియా అత్త వైపు చేతులు చాపి ఏడ్చింది. మళ్ళీ మండింది. అయినా వచ్చే నెల మాట తిరిగి ఎత్తలేదు, ఇప్పటికీ పిల్ల అక్కడికే వెళ్తోంది.

నాకు నమ్మకం కుదిరిందో లేదో చెప్పలేను. ఆ రోజు వచ్చేసేముందు వాకిట్లో ఆవిడ చెప్పింది మాత్రం రోజూ సాయంత్రం చేస్తున్నాను.

"నీకు నిజంగా ఆకలేసినప్పుడు పండు తీసుకో. వెంటనే తినకు, చేత్తో పట్టుకుని ఆగు. పిల్ల నీ మొహంలోకి చూసేదాకా ఆగు. చూశాక చెప్పు. ముందు నువ్వు కొరుకు, తరవాత దానికి పెట్టు. ఆమెన్ అందా లేదా అని చెవులు రిక్కించకు నాయనా. పండు తిను."