దుప్పట్ల గది గ్రామరక్క

ఆ హోటల్లో దుప్పట్ల గదికి ఆమె పదహారేళ్ళుగా మహారాణి. ఏ అలమరలో ఎన్ని తువ్వాళ్ళున్నాయో కళ్ళు మూసుకుని చెబుతుంది. ఆమె రాసే ఇంగ్లీషు ఇంకా గొప్పది. పెళ్ళికి ముందు ఒక వ్యాకరణ పుస్తకాన్ని అట్ట ఊడిపోయేదాకా బట్టీ కొట్టింది. అందుకే తోటివాళ్ళు గ్రామరక్క అని పేరు పెట్టారు. వెక్కిరింపని తెలిసినా ఆమె దాన్ని బిరుదులాగే మోసింది.

రెండేళ్ళ కిందట ఈ వైభవానికి గండి పడింది. మరిది పెళ్ళాం అదే హోటల్లో చేరింది. చేర్పించింది కూడా గ్రామరక్కే, మేనేజరుకు తన నోటితోనే చెప్పి. కొరివితో తల గోక్కోవడమంటే అదే మరి.

చిన్నకోడలు పెళ్ళికి ముందు ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడని ఇంట్లో పిల్లల్ని ఆడించిందట. ఆ పిల్లల దగ్గరే మాటలన్నీ పట్టేసింది. సబ్బులు నిండుకుంటే గ్రామరక్క "ద సోప్స్ ఆర్ ఎగ్జాస్టెడ్" అనేది. అతిథి ఒక క్షణం అలా నిలబడిపోయేవాడు. చిన్నది "వియ్ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ సోప్" అంటే నవ్వి వెళ్ళిపోయేవాడు. పరుగెత్తడమేమిటి, బయటికేమిటి, సబ్బు అయిపోవడమేమిటి? గ్రామరక్కకు ఒళ్ళు మండిపోయేది.

మండినా ఊరుకుందా, లేదు. తన పని అయ్యాక కూడా ఇంటికి పోకుండా, చిన్నది అతిథులతో మాట్లాడుతుంటే దుప్పట్ల దొంతర్ల వెనక నక్కి చీటీల మీద రాసుకునేది. లుక్ అంటే చూడడం, అంతవరకు బాగానే ఉంది. పక్కన ఫర్ చేరితే వెతకడమట, ఆఫ్టర్ చేరితే బాగోగులు కనిపెట్టుకోవడమట. అప్ టు అని రెండు పొట్టి మాటలు జంటగా చేరితే గౌరవించడం, డౌన్ ఆన్ చేరితే చిన్నచూపు చూడడం. ఏ సూత్రానికీ లొంగవు, చెవిన పడితేనే నోటికొస్తాయి. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున వల్లె వేసేది. తీరా అతిథి ముందు అంటే పాఠం అప్పజెప్పినట్టుండేది. అంత కష్టపడి నేర్చినది చిన్నదానికి ఊరికే వచ్చిందన్న బాధ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అప్పుడే సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. గ్రామరక్క పదహారేళ్ళుగా కాచుకుని ఉన్న కుర్చీ అది. మేనేజరేమో "అతిథులతో గలగలా మాట్లాడే మనిషి కావాలి" అంటూ చిన్నదాని వైపు చూశాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు.

ఇంట్లో మొగుడు "పోనీలే, ఎవరికొచ్చినా మనింటికే కదా" అన్నాడు. ఆ మహానుభావుడి చొక్కాలకు రెండు రోజులు ఇస్త్రీ లేదు.

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారుతుంది. దిగే గ్రామరక్క ఆ పూట సంగతులు పుస్తకంలో రాయాలి, ఎక్కే చిన్నది చదివి కింద సంతకం చేయాలి. రాత్రి దిగేటప్పుడు రాసే పని లేదు, గదికి తాళం వేస్తే చాలు. చిన్నది ఎప్పుడూ సంతకం గీకేసి "ఏంటక్కా విశేషాలు, నోటితో చెప్పెయ్" అనేది. నా రాత చదవడానికి కూడా దీనికి తీరదు, అంత పొగరు అనుకునేది గ్రామరక్క.

ఆ గురువారం డ్యూటీ దిగే వేళ, కాసేపట్లో రాబోయే మూడువందల ఆరో గది ఆవిడ ఫోన్ చేసింది. ఈకల దిండ్లు తనకు పడవని, ముఖం వాస్తుందని, దూదివే వేయమని చెప్పింది. గ్రామరక్క కలం తీసింది. కాసేపు పట్టుకుని, మళ్ళీ మూత పెట్టేసింది.

"ఏంటక్కా విశేషాలు?"

"అన్నీ పుస్తకంలో ఉన్నాయి. చదువుకో."

చిన్నది ఎప్పటిలా ఈకల దిండ్లే వేసింది. సాయంత్రానికి ఆవిడ ముఖం వాచింది, ఊపిరాడలేదు. డాక్టరు వచ్చి సూది వేశాక గానీ తేరుకోలేదు. సంగతి తెలిసి గ్రామరక్క తేలు కుట్టిన దొంగలా ఆ రాత్రి పెందలాడే ముసుగు తన్నింది.

మర్నాడు పొద్దున మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. పుస్తకం బల్ల మీద మూసే ఉంది.

"దిండ్ల సంగతి ఆవిడ ముందే చెప్పిందట. నువ్వు చూసుకోలేదా?" అని చిన్నదాన్ని అడిగాడు.

చిన్నది తల దించుకుంది. "పుస్తకంలో ఉండే ఉంటుంది సార్. అక్క రాయకుండా ఉండదు. నాకే చదవడం రాదు. మాట్లాడడం వచ్చు గానీ ఒక్క అక్షరం రాదు. ఇన్నాళ్ళూ అక్క నోటితో చెబితే నెట్టుకొచ్చాను. తప్పు నాదే."

మేనేజరు నిట్టూర్చాడు. "అయితే ఆ పోస్టు మీరే తీసుకోండి," అన్నాడు గ్రామరక్కతో.

పదహారేళ్ళ కల చేతికొచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. ఎదురుగా ఆ పిల్ల చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని నిలబడింది, పైగా అక్క రాయకుండా ఉండదని నమ్ముతూ. మాటల్లో ఇదే నెగ్గింది. మంచితనంలోనూ ఇదే నెగ్గాలా? గ్రామరక్క ఆ ఒక్కటీ ఓర్చుకోలేకపోయింది.

"పుస్తకం తెరవండి సార్," అంది. "అందులో లేదు. నేనే కావాలని రాయలేదు."

చిన్నది ఆమె వైపు తిరిగి, ఏదో అనబోయి, అనలేక ఉండిపోయింది. ఆ నోట మాట రాకపోవడం గ్రామరక్క చూడడం అదే మొదలు. ఉద్యోగం పోయేలా ఉన్న ఆ నిమిషంలో కూడా, సిగ్గు లేకుండా, అది ఆమెకు కాస్త హాయిగానే అనిపించింది.