పళ్ళ తగాదా

మొన్న నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర చెరకు రసం బండి ముందు నిలబడితే, యంత్రం గుర్రుగుర్రుమంటూ తిరిగింది. గ్లాసు అందుకోవలసినదాన్ని, ఆ యంత్రం గేర్లు చూసి నవ్వుతూ ఉండిపోయాను. చెరకు రసం అంటే నాకు చిక్కడపల్లి సందులోని మా బాబాయి వర్క్‌షాపే గుర్తొస్తుంది. అప్పట్లో మా ఇల్లు అశోక్‌నగర్‌లో. కాలేజీ అయ్యాక తిన్నగా అక్కడికే చేరేదాన్ని, పిన్ని చేతి చాయ్ కోసం.

అన్నాళ్ళూ ఒకరి కింద పనిచేసిన బాబాయి, ఆ ఎండాకాలం సొంతంగా ఒక చెరకు యంత్రానికి గేర్లు కోశాడు, అంటే ఇనుప చక్రాల అంచుకు పళ్ళు తీశాడు. అదే మొదటి ఆర్డరు, ఒక రసం బండాయన ఇచ్చింది. నచ్చితే దుకాణం నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ పాత యజమాని గుమ్మమే. కోసేది బాబాయి, బిగించేది పిన్ని తమ్ముడు, అంటే మా మామయ్య. ఇద్దరికీ పని ఎంత బాగా వచ్చో, తప్పు ఎదుటివాడిదే అనడమూ అంత బాగా వచ్చు. ఇక పిన్ని, గంధం బొట్టు పెట్టనిదే కొత్త గిన్నెనైనా పొయ్యి ఎక్కించని మనిషి.

ఆరోజు సాయంత్రమే బండాయన వచ్చి తీసుకుపోవాలి. బిగించి తిప్పితే యంత్రం ఒకచోట పట్టేసి, ఇంకోచోట వదులై, చుట్టుచుట్టుకూ మూలిగింది.

"నీ పళ్ళే సక్కగ లేవు బావా!" అన్నాడు మామయ్య.

"నా పళ్ళకేమైంది? నువ్వే వంకర బిగించినవ్, జర చూస్కో!"

సందులోని వాళ్ళు ఈ పళ్ళ తగాదా ఏమిటోనని తొంగి చూశారు. బాబాయి ప్రతి పన్నూ కొలిచాడు, సరిగ్గానే ఉంది. ఇరుసూ నిటారుగానే ఉంది. "మళ్ళ ఆ పాత యజమాని కిందికే పోవాల్నేమో," అని బాబాయి గొణిగాడు. చివరికి గేరు ఊడదీశారు. చాయ్ తెచ్చిన పిన్ని దాని వెనకవైపు చూసి కయ్యిమంది.

"పొద్దుగాల నేను పెట్టిన బొట్టును గిట్ల నలిపేసిండ్రేంది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శుభమని పిన్ని దిట్టంగా పెట్టిన గంధం ఎండి గట్టిపడింది. మామయ్య అది చూసుకోకుండానే గేరు బిగించాడు. గంధం అడ్డుపడి గేరు వెంట్రుకంత ఒరిగింది, పళ్ళు ఒరుసుకున్నాయి. అంతే! ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. "బొట్టయితే మాన. బిగించినంక పెడ్త తియ్యి," అంది పిన్ని.

తుడిచి బిగించారు. బండాయన వచ్చి, మోటారు వేసి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"నడుస్తున్నదా అన్నా? సప్పుడే లేదు!"

బాబాయి కళ్ళనీళ్ళతో నవ్వాడు. మళ్ళీ ఎవరి కిందా పనికి పోలేదు. ఇన్నేళ్ళలో నాకు వయసు మీద పడింది గానీ, ఆ నవ్వుకు మాత్రం పడలేదు.